పునాది తీయకముందే హరిత భవనం
పెరుగుతున్న పట్టణాలలో సుస్థిర స్థల ప్రణాళిక ఆవశ్యకత

కొడకండ్ల: జనగామ జిల్లా కొడకండ్ల మండల కేంద్రంలో 2020 అక్టోబరు 31న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె.చంద్రశేఖర్ రావు రాష్ట్రంలోని తొలి రైతు వేదికను ప్రారంభించారు. సుమారు ఐదు వేల ఎకరాల సాగు విస్తీర్ణాన్ని ఒక క్లస్టరుగా తీసుకొని, ఒక్కొక్కటి 22 లక్షల రూపాయల అంచనా వ్యయంతో, రాష్ట్రవ్యాప్తంగా 2,601 రైతు వేదికలను నిర్మించేందుకు చేపట్టిన కార్యక్రమంలో అది మొదటిది. ఈ లెక్కన మొత్తం అంచనా వ్యయం 572 కోట్ల రూపాయలకు పైబడినది.

ఇంత పెద్ద సంఖ్యలో ప్రభుత్వ భవనాలను నిర్ణీత నమూనా ప్రకారం నిర్మించినపుడు ఒక విషయం స్పష్టమవుతుంది. నమూనా ఒక్కటే అయినా స్థలాలు వేలు. ఒకచోట ఎర్ర చెలక, మరొకచోట నల్లరేగడి, ఇంకొకచోట ఊరి చెరువు దిగువన పల్లపు నేల, వేరొకచోట రాతి గుట్ట వాలు. కాగితంపై ఒకే తీరుగా కనిపించే భవనం ఒక స్థలంలో వేసవిలో చల్లగా, వానాకాలంలో పొడిగా ఉంటుంది. మరొక స్థలంలో అదే భవనం మధ్యాహ్నానికి కొలిమిలా మారవచ్చు, లేదా మొదటి పెద్ద వానకే ముంగిట నీరు నిలువవచ్చు. గోడలూ కప్పూ ఒకటే అయినపుడు ఈ తేడా అంతా స్థలం నుండి, ఆ స్థలంలో భవనాన్ని నిలిపిన తీరు నుండి వచ్చినదే.

హరిత భవనం అనగానే సాధారణంగా సౌర పలకలు, ప్రత్యేకమైన అద్దాలు, తక్కువ విద్యుత్తుతో నడిచే యంత్రాలు గుర్తుకు వస్తాయి. అవన్నీ అవసరమైనవే. అయితే అవి తరువాత కూడా అమర్చుకోగలిగినవి. వాగు దారిలో లేచిన గోడను, పడమటి ఎండకు ఎదురుగా తెరుచుకున్న వరండాను, నరికివేసిన యాభై ఏండ్ల చింతచెట్టును తరువాత సరిదిద్దడం సాధ్యం కాదు. కావున భవనం హరితమైనదా కాదా అన్నది చాలా వరకు పునాది తీయకముందే నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయాన్ని తెలిసి తీసుకొనడమే సుస్థిర స్థల ప్రణాళిక.

స్థల ప్రణాళిక అనగా ఏమి?

భవన నిర్మాణానికి స్థలాన్ని ఎంపిక చేయడం, ఆ స్థలపు వాలు, నేల, నీటి పారుదల, చెట్లు, ఎండ, గాలి తీరులను గుర్తించి నక్షపై నమోదు చేయడం, వాటికి అనుగుణంగా కట్టడాన్ని, దారులను, ఖాళీ స్థలాన్ని అమర్చడం, నిర్మాణ కాలంలో ఆ నేలకు హాని కలుగకుండా చూడడం - ఈ నాలుగు దశలు కలిసి స్థల ప్రణాళిక అవుతాయి.

హరిత భవనాలకు శ్రేణి నిర్ణయించే సంస్థలన్నీ ఈ అంశానికి ప్రత్యేక స్థానం ఇచ్చాయి. అమెరికాలో రూపొందిన ‘లీడ్’ విధానపు తొలి కూర్పులలో మొత్తం 69 మార్కులకు గాను 14 మార్కులు సుస్థిర స్థలాల అధ్యాయానికే కేటాయించడం గమనార్హం. మన దేశంలో టెరి సంస్థ రూపొందించగా కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన వనరుల మంత్రిత్వ శాఖ 2007లో జాతీయ శ్రేణి విధానంగా స్వీకరించిన ‘గృహ’ విధానం కూడా స్థల ఎంపికతోనే మొదలవుతుంది. ఉన్న భూస్వరూపాన్ని కాపాడడం, సారవంతమైన పైమట్టిని పరిరక్షించడం, రహదారి, రవాణా సదుపాయాలున్న చోటనే నిర్మించడం వంటివి ఇందులోని ముఖ్యాంశాలు.

హైదరాబాద్ నేర్పిన తొలి పాఠం

ఈ విషయంలో దేశానికి మార్గదర్శకమైన భవనం మన హైదరాబాద్ నగరంలోనే ఉన్నది. హైటెక్ సిటీ సమీపాన గల సీఐఐ - సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె.అబ్దుల్ కలాం ప్రారంభించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య, గోద్రెజ్ సంస్థల భాగస్వామ్యంతో, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ సాంకేతిక సహకారంతో ఏర్పడిన ఈ కేంద్రానికి వాస్తుశిల్పి శ్రీ కరణ్ గ్రోవర్ రూపకల్పన చేశారు. అమెరికా వెలుపల ‘లీడ్’ ప్లాటినం శ్రేణిని పొందిన మొట్టమొదటి భవనం ఇదే.

సుమారు 20 వేల చదరపు అడుగుల ఈ భవనాన్ని చూడ వచ్చినవారు ముందుగా గమనించేది దాని గుండ్రని ఆకారం, నడుమ గల ముంగిలి. అన్ని వైపుల గదులకు ఆ ముంగిలి నుండి వెలుతురు అందుతుంది. కట్టడం కోసం కోల్పోయిన పచ్చదనం చాలా వరకు కప్పుపై తోటల రూపంలో తిరిగి ఏర్పడినది. గాలి బురుజులు లోపలికి వచ్చే గాలిని ముందుగానే చల్లబరుస్తాయి. వాడిన నీటిని మొక్కల వేళ్ల మడుల ద్వారా శుద్ధిచేసి తిరిగి వినియోగిస్తారు.

సందర్శకుల దృష్టి అంతగా పడనిది ఆ స్థలంలో వాన నీటికి చేసిన ఏర్పాటు. నడక దారులలో నీరు ఇంకే విధంగా రంధ్రాలు గల బిళ్లలు పరిచారు. కొంత నీరు కప్పుపై తోటలలో, కొంత ఆ బిళ్లల మధ్య నుండి భూమిలోకి దిగుతుంది. మిగిలిన నీరు ఆ నేలపై పూర్వం నుండి ఉన్న వాలు వెంబడే ప్రవహించి స్థలపు దిగువ కొసన నిర్మించిన కొలనుకు చేరుతుంది. అంటే రూపకర్తలు నీటికి కొత్త దారి వేయలేదు, ఉన్న దారిని కాపాడి దాని చివర కొలను కట్టారు. నిర్మాణ కాలంలో పైమట్టి కొట్టుకొనిపోకుండా తగు జాగ్రత్తలు తీసుకున్నారు. రెండు దశాబ్దాల క్రితం పాటించిన ఈ పద్ధతికి అధిక ధనం అవసరం లేదు. నేలను ముందుగా చదివే ఓపిక అవసరం.

చెరువుల నేలలో నీటి దారి

నేలను చదివే ఆ ఓపిక ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు చుట్టుపక్కల పాకాల, రామప్ప, లక్నవరం వంటి మహా తటాకాలు వెలిశాయి. ఎగువ చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కాల్వ వెంట దిగువ చెరువుకు, అక్కడి నుండి మరొక కుంటకు చేరే గొలుసుకట్టు ఏర్పాటు తెలంగాణ పల్లెలకు ప్రాణాధారమైనది. కట్ట ఎక్కడ వేయాలో, తూము ఎక్కడ పెట్టాలో, మత్తడి ఎటు వదలాలో నేల వాలును బట్టి నిర్ణయించిన ఆ పరిజ్ఞానమే స్థల ప్రణాళికకు మూలం. ఈ వ్యవస్థను పునరుద్ధరించేందుకు 2015 మార్చి 12న నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమం రాష్ట్రంలో 46 వేలకు పైగా చిన్ననీటి వనరులను గుర్తించినది.

పట్టణం పెరిగేటపుడు మొదట దెబ్బతినేది ఈ గొలుసులోని సన్నని భాగం. చెరువు అందరికీ కనిపిస్తుంది. రెండు చెరువులను కలిపే ఒర్రె ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటుంది. ప్లాట్లు చేసేటపుడు అది ఖాళీ నేలగా, ఒక్కోసారి రోడ్డుకు అనువైన పల్లంగా తోస్తుంది. పెద్ద వాన కురిసిన రాత్రి మాత్రం నీరు తన పాత దారినే వెదకుకొంటుంది.

ఇందుకు నిదర్శనాలు కళ్ల ముందే ఉన్నాయి. 2020 ఆగస్టులో, తిరిగి 2023 జూలైలో వరంగల్, హనుమకొండ నగరాలలోని పలు కాలనీలు జలమయమయ్యాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి హైదరాబాద్‌లో చెరువుల దిగువన ఉన్న బస్తీలు, కాలనీలు అనేకం నీట మునిగాయి. అంతకు శతాబ్ద కాలం ముందు, 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద అదే నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విపత్తు అనంతరం శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మాణమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. నీటికి ముందుగా చోటు కేటాయించి ఆ తరువాతనే ఇండ్లకు చోటు చూడాలన్న సూత్రం ఆనాటి నుండి తెలిసినదే. నగరాలు విస్తరిస్తున్న వేగంలో అది మరుగున పడుతూ వచ్చినది.

మూడు జిల్లాలు - మూడు స్వభావాలు

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు పూర్వపు వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రాలుగా మారిన ఈ మూడు పట్టణాలలో కార్యాలయాలు, పాఠశాలలు, వైద్యశాలలు, నివాస కాలనీలు పెరుగుతున్నాయి. ఒకే పాత జిల్లా నుండి వచ్చినప్పటికీ ఈ మూడింటి నేల స్వభావం ఒకటి కాదు. హరిత భవనానికి ఒకే కొలమానం అన్నిచోట్లా సరిపోదనడానికి ఇవి చక్కని ఉదాహరణలు.

జనగామ ప్రాంతం వానలు తక్కువ కురిసే మెట్ట నేల. కరువును చవిచూసిన ప్రాంతంగా దీనికి పేరు. పైన చెలక, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. భూగర్భజలం ప్రధానంగా ఆ మొరం పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది. ఇక్కడ స్థల ప్రణాళిక మొదటి లక్ష్యం పడిన వాన చుక్కను స్థలం దాటనీయకుండా ఇంకించడం. కొడకండ్ల, దేవరుప్పుల, పాలకుర్తి వంటి మండల కేంద్రాలలో నిర్మించే ప్రతి భవనానికి ఇది వర్తిస్తుంది.

భూపాలపల్లి పరిస్థితి ఇందుకు భిన్నం. అడవులు, వాగులు, గోదావరి పరీవాహకం, సింగరేణి గనులు గల ఈ జిల్లాలో వర్షపాతం అధికం. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తగా ప్రజలు ఇండ్ల కప్పులపైకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వారిని కాపాడేందుకు హెలికాప్టర్లు రావలసి వచ్చినది. ఆనాడు పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైనది. రాష్ట్రంలో ఏడాది పొడవునా సగటున కురిసే వాన సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క రోజులో పడినదన్నమాట. ఇటువంటి చోట ఇంకుడు గుంత ఒక్కటే రక్షణ ఇవ్వలేదు. వాగుకు తగినంత దూరం పాటించడం, భవనపు అడుగు మట్టాన్ని పూర్వపు వరద గుర్తులకు పైన నిలపడం, నీరు వచ్చినా బయటపడేందుకు ఎత్తైన దారి ఉంచడం ఇక్కడి ప్రణాళికకు ప్రధానాంశాలు.

మహబూబాబాద్‌లో చెరువులు, వాగులు, రైలు మార్గం ఒకదానినొకటి దాటుకొంటూ సాగుతాయి. 2024 సెప్టెంబరు 1న ఈ జిల్లాలో కేసముద్రం - ఇంటికన్నె మధ్య వరద తాకిడికి రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకొనిపోయి రాకపోకలు స్తంభించాయి. ఎత్తైన కట్టపై వేసిన మార్గమైనా, రహదారి అయినా, ప్రహరీ గోడ అయినా నీటి పారుదలకు అడ్డుగా నిలిచినపుడు దానికి తగినన్ని తూములు, కల్వర్టులు ఉండవలసినదే. ఒక కార్యాలయపు ప్రహరీ ఎగువ పొలాల నీటిని ఆపివేసినపుడు ఆ భవనానికి ఎన్ని మార్కులు వచ్చినా పక్కవారికి అది చేటే చేస్తుంది.

ఈ నేపథ్యంలో సమీకృత జిల్లా కార్యాలయాల ప్రస్తావన అవసరం. జనగామ కార్యాలయ సముదాయం 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్ కార్యాలయ సముదాయం 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. పలు శాఖలు ఒకే ఆవరణలో ఉండడం వలన ప్రజలకు తిరుగుడు తగ్గినది. తిరుగుడు తగ్గడం, ఇంధనం ఆదా కావడం స్థల ప్రణాళికలో గుర్తింపు పొందిన మేలు. అదే సమయంలో పెద్ద కార్యాలయం వెలసిన వైపుకే పట్టణం పెరుగుతుంది. రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లవుతాయి. కనుక అటువంటి ఆవరణ గీత గీసినపుడే దాని చుట్టూ రాబోయే కాలనీల నీటి దారులను, బస్సు సౌకర్యాన్ని, పచ్చదనపు పట్టీలను కూడా నక్షపై గుర్తించవలసి ఉన్నది.

ఎండ, గాలి, నీడ

స్థలంలో భవనాన్ని ఏ దిక్కుకు నిలపాలన్నది ఖర్చు లేని నిర్ణయం. దాని ఫలితం మాత్రం భవనం ఉన్నన్నాళ్లు ఉంటుంది. కొడకండ్ల వంటి ప్రాంతాలు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నాయి. ఇక్కడ మే రెండవ వారం నుండి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు చివరలో దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కావున దక్షిణపు కిటికీలకు చిన్నపాటి చూరు ఉంటే చాలు, వేసవి ఎండ లోపలికి రాదు, చలికాలపు ఎండ వస్తుంది. తూర్పు, పడమరల నుండి ఎండ ఏటవాలుగా పడుతుంది గనుక చూరు దానిని ఆపలేదు. అక్కడ చెట్టు గానీ, గోడ గానీ, కిటికీలు లేని సామాను గది గానీ ఉండాలి.

దీని సారాంశం ఏమనగా భవనపు పొడవైన ముఖాలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి ముఖాలు తూర్పు పడమరలకు ఉండడం మేలు. స్థలం రోడ్డుకు అడ్డంగా ఉన్నదని భవనాన్ని పడమటికి తెరిచినపుడు ఆ పొరపాటుకు జీవితకాలం విద్యుత్తు బిల్లు చెల్లించవలసి వస్తుంది. వానాకాలంలో నైరుతి, పడమటి గాలులు, శీతాకాలంలో ఈశాన్యపు గాలులు వీస్తాయి. గదులకు ఎదురెదురుగా కిటికీలుంచి ఈ గాలులకు దారి ఇస్తే పంకా మీద భారం తగ్గుతుంది.

ఆవరణలోని నేల కూడా వేడిని పుట్టిస్తుంది. సిమెంటు పరిచిన ముంగిలి పగలంతా కాగి రాత్రి పొద్దుపోయేదాకా సెగ వదులుతుంది. వాహనాలు నిలిపే చోట వేప, కానుగ వంటి నీడనిచ్చే చెట్లు నాటి, నడుమ గడ్డి మొలిచే బిళ్లలు పరిచినచో నేల చల్లబడుతుంది, నీరూ ఇంకుతుంది. కప్పుల విషయంలో రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న 2023-28 సంవత్సరాలకు ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించినది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు, పెంకులు మొదలగు వాటితో 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లని కప్పుగా మార్చడం దీని లక్ష్యం. ఇందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనివి కాగా మిగిలిన 100 ఇతర పట్టణాలలోనివి. చిన్న పట్టణాలు ఈ అవకాశాన్ని వినియోగించుకొనవలసి ఉన్నది.

మట్టి, చెట్టు - నిర్మాణ కాలంలో జాగ్రత్తలు

నక్ష ఎంత చక్కగా ఉన్నప్పటికీ పని మొదలైన మొదటి వారంలోనే అది చెడిపోయే ప్రమాదం ఉన్నది. చదును చేసే యంత్రం వచ్చి స్థలమంతా ఒక్కసారిగా గీరివేయడం సర్వసాధారణమైనది. దీనితో పైమట్టి పోతుంది. జాన లోతు పైమట్టిలోనే మొక్కకు కావలసిన సత్తువ, సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ పొర తయారు కావడానికి వందల ఏండ్లు పడుతుంది. కట్టడం వచ్చే మేరకు ఆ మట్టిని తీసి ఒక మూల కుప్ప వేసి, గడ్డితో గానీ పరదాతో గానీ కప్పి ఉంచి, నిర్మాణం పూర్తయిన పిమ్మట తోటలో పరచవలెను. తరువాత బయటి నుండి ఎర్రమట్టి కొని తెచ్చే ఖర్చు దీనివలన తప్పుతుంది.

స్థలంలో ఉన్న చెట్లను పని మొదలు కాకముందే లెక్కించి, కాపాడదలచిన వాటి చుట్టూ కొమ్మల విస్తీర్ణం మేరకు కంచె వేయాలి. కాండానికి గొడ్డలి తగలకపోయినా, వేళ్ల మీద కంకర కుప్పలు పోసి, లారీలు తిప్పి, సిమెంటు నీళ్లు వదిలితే రెండు మూడేండ్లలో చెట్టు ఎండిపోతుంది. ఒక పెద్ద చెట్టు ఇచ్చే నీడను పది మొక్కలు నాటి పదేండ్లు వేచి చూచినా పొందలేము. 2015 జూలైలో మొదలైన హరితహారం కార్యక్రమం ద్వారా, 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి పట్టణ బడ్జెట్‌లో పచ్చదనానికి 10 శాతం కేటాయించాలన్న నిబంధన ద్వారా మొక్కల పెంపకానికి ఊతం లభించినది. అయితే ఉన్న చెట్టును నిలుపుకొనడానికి బడ్జెట్ అక్కరలేదు.

తవ్విన మట్టి వానకు కొట్టుకొనిపోయి పక్క కాల్వలో పేరుకోకుండా స్థలం దిగువ అంచున చిన్న గట్టు, మట్టి దిగబడే గుంత ఏర్పాటు చేయాలి. కూల్చిన ఇటుక, కాంక్రీటు ముక్కలను కుంటలో గానీ ఒర్రెలో గానీ పారబోయడం ఎంత మాత్రం తగదు. పునాది తవ్వకం వానాకాలానికి ముందే ముగిసేలా పనుల క్రమం నిర్ణయించినచో ఈ ఇబ్బందులు చాలా వరకు తప్పుతాయి.

కురిసిన చోటే వాన

వాన నీటి లెక్క సులభమైనది. వంద చదరపు మీటర్ల కప్పుపై ఏడాదిలో 900 మిల్లీమీటర్ల వాన పడితే 90 వేల లీటర్ల నీరు వస్తుంది. ఆవిరి, తొలి వాన మురికి మొదలగు వాటి కింద ఐదవ వంతు తీసివేసినా 72 వేల లీటర్లు మిగులుతాయి. మిషన్ భగీరథలో గ్రామీణ ప్రాంతాలకు నిర్దేశించిన తలసరి రోజుకు 100 లీటర్ల చొప్పున చూస్తే ఐదుగురున్న కుటుంబానికి ఇది 144 రోజుల నీరు.

మరొక లెక్క కూడా అధికారులు గుర్తుంచుకొనదగినది. ఎకరం స్థలంపై ఒక్క రోజులో పది సెంటీమీటర్ల వాన కురిస్తే నాలుగు లక్షల లీటర్ల నీరు పడుతుంది. అది పచ్చిక, చెట్లు గల నేల అయితే అందులో మంచి భాగం ఇంకుతుంది. అదే స్థలంలో అంచు నుండి అంచు వరకు సిమెంటు పరిచినపుడు దాదాపు ఆ నీరంతా గంటల వ్యవధిలో రోడ్డు మీదికి వస్తుంది. ఒక్కొక్క ఎకరం ఇలా వదిలిన నీరే కింది కాలనీకి వరద అవుతుంది. కనుక ఇంకుడు గుంత తవ్వడం ఎంత ముఖ్యమో, ఆవరణలో కప్పని నేలను మిగల్చడం కూడా అంతే ముఖ్యం.

ఇంకుడు గుంత స్థలాన్ని కూడా నేలను చూసియే నిర్ణయించాలి. గట్టి రాయి పైకి తేలిన చోట తవ్విన గుంత దోమలకు నిలయమవుతుంది. మొరం పొర మందంగా ఉన్న చోట, స్థలపు దిగువ భాగాన, పునాదికి, మరుగుదొడ్డి గుంతకు తగినంత ఎడంగా తవ్వినదే ప్రయోజనకరం. ఏటా వానాకాలానికి ముందు పూడిక తీసి కంకర కడగనిచో రెండు మూడేండ్లలో అది పేరుకు మాత్రమే మిగులుతుంది.

నిబంధనలు, బాధ్యతలు

స్థల ప్రణాళికకు అవసరమైన చట్టబద్ధమైన ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాన నీటి సంరక్షణ కట్టడాలను, చెట్ల పరిరక్షణను చట్ట పరిధిలోకి తెచ్చినది. 2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు ఉత్తర్వులోని భవన నిర్మాణ నియమావళి నీటి వనరులకు పాటించవలసిన దూరాలను నిర్దేశించినది. దాని ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటి మట్టపు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు, కాల్వలకు, వాగులకు వాటి హద్దు నుండి 9 మీటర్లు, నాలాలకు 2 మీటర్ల మేర నిర్మాణాలు లేకుండా వదలాలి. నదుల విషయంలో ఈ దూరం పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. నాలుగు వేల చదరపు మీటర్లు, ఆపైన గల స్థలాల సముదాయ నిర్మాణాలలో 10 శాతం భూమిని ఉమ్మడి ఖాళీ స్థలంగా ఉంచవలసి ఉంటుంది.

ఈ దూరాలు అమలు కావాలంటే ముందుగా చెరువు హద్దు తేలి ఉండాలి. పూర్తి నీటి మట్టపు రాళ్లు పాతని చోట 30 మీటర్లు ఎక్కడి నుండి కొలవాలో ఎవరూ చెప్పలేరు. రెవెన్యూ శాఖ వద్ద గల గ్రామ నక్ష, శిఖం భూముల వివరాలు, నీటిపారుదల శాఖ వద్ద గల చెరువు మట్టాలు, పురపాలక శాఖ వద్ద గల లేఅవుట్లు ఒకే కాగితంపైకి వచ్చినపుడే ఒక స్థలపు నిజ స్వరూపం తెలుస్తుంది. హైదరాబాద్‌లో విపత్తుల నివారణ, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ కోసం 2024 జూలైలో ‘హైడ్రా’ ఏర్పడినది. కట్టిన తరువాత కూల్చవలసి రావడం ప్రభుత్వానికీ, పౌరునికీ బాధాకరమే. ఆ పరిస్థితి చిన్న పట్టణాలకు రాకుండా చూడగల అదను అనుమతి దశలోనే ఉన్నది.

2020లో వచ్చిన భవన అనుమతుల స్వీయ ధ్రువీకరణ చట్టం 75 చదరపు గజాల లోపు ఇండ్లకు అనుమతి అవసరం లేకుండా, 500 చదరపు మీటర్ల లోపు స్థలాలలోని ఇండ్లకు యజమాని ధ్రువీకరణ ఆధారంగా తక్షణ అనుమతి లభించే పద్ధతిని ప్రవేశపెట్టినది. పౌరునిపై ఉంచిన ఈ నమ్మకంతో పాటు బాధ్యత కూడా పౌరునికే బదిలీ అయినది. తన ప్లాటు ఒర్రెలో ఉన్నదో లేదో తెలుసుకొనడం ఇక యజమాని విధి. ఆ సమాచారం అతనికి సులభంగా, ఉచితంగా అందేలా చూడడం స్థానిక సంస్థల విధి.

పరిశీలనకు కొన్ని ప్రశ్నలు

కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినపుడు అధికారులు తమను తాము వేసుకొనదగిన, పాత్రికేయులు అడుగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ స్థలంలోకి ఎగువ నుండి నీరు ఎటు వస్తుంది, దిగువకు ఎటు పోతుంది? గత ఇరవై ఏండ్లలో ఇక్కడ నీరు ఏ మట్టానికి వచ్చినది, ఊరి పెద్దలను విచారించారా? ఉన్న చెట్లు ఎన్ని, మిగిలేవి ఎన్ని? పైమట్టిని ఎక్కడ దాచారు? భవనపు పొడవైన ముఖం ఏ దిక్కున ఉన్నది? ఆవరణలో సిమెంటు పరచని నేల ఎంత శాతం? బస్సు దిగిన వృద్ధులు నడిచి రాగలిగినంత దూరంలో ఉన్నదా? వీటికి సమాధానాలు ఒక పుటకు మించవు. ఆ ఒక్క పుట అంచనాల పత్రానికి జతపరచినపుడు ఆ భవనం హరిత మార్గంలో సగం దూరం నడిచినట్లే.

హైదరాబాద్ వంటి మహానగరంలో పూడిపోయిన నాలాను తిరిగి తెరవడానికి కోట్ల రూపాయలు, ఏండ్ల తరబడి వ్యాజ్యాలు అవసరమవుతాయి. కొడకండ్లలో, జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో చాలా ఒర్రెలు ఇంకా నేల మీద కనిపిస్తూనే ఉన్నాయి. చెరువు మత్తడి ఎటు దుంకుతుందో చెప్పగల రైతులు ఇంకా ఊళ్లలో ఉన్నారు. వారు చెప్పినది నక్షపైకి ఎక్కించడానికి ఒక పంచాయతీ కార్యదర్శి, ఒక సర్వేయరు, ఒక నీటిపారుదల ఇంజనీరు కలిసి తిరిగే రెండు రోజులు చాలును. వచ్చే వానాకాలానికి ముందు ప్రతి మండల కేంద్రంలో ఆ రెండు రోజులు కేటాయించినచో, రేపు అక్కడ వెలసే భవనాలకు సరైన చోటు ఈనాడే స్థిరపడుతుంది.